కావేరమ్మ తాగిన పాలు

కోవిడ్ భయం సద్దుమణిగిన మరుసటి ఏడాది సంగతి ఇది. నెల్లూరులో ఒక ప్రైవేటు క్యాన్సర్ ఆసుపత్రిలో నేను డైటీషియన్‌ని. రోగి ఏం తినాలో, ఎంత తినాలో చెప్పడం నా పని. కీమో ఎక్కించే డేకేర్ వార్డుకీ బిల్లుల కౌంటరుకీ నడుమ నాకొక ఇరుకు గది ఇచ్చారు. అందులో ఒక బల్ల, మూడు కుర్చీలు, బరువు చూసే మిషను, నీళ్ళు కారే ఏసీ, దాని కింద ఒక బకెట్టు. బల్ల మీద ప్లాస్టిక్ ఇడ్లీలు, ప్లాస్టిక్ గుడ్డు, ప్లాస్టిక్ చేప ఉంటాయి. వీటిని మేం ఫుడ్ మోడల్స్ అంటాం. ఏది ఎంత తినాలో చేతికిచ్చి చూపించడానికి పనికొస్తాయి. పిల్లలు వాటిని కొరికి చూస్తారు, పెద్దవాళ్ళు జాలిగా చూస్తారు.

అప్పటికే ఈ ఉద్యోగంలో నా జుట్టు సగం తెల్లబడింది. పని ఎక్కువై వచ్చే అలసట ఆదివారం మధ్యాహ్నం నిద్రతో పోతుంది. అడిగిందే అడిగించుకుని, చెప్పిందే చెప్పి వచ్చే అలసట ఉంది చూశారూ, అది మాత్రం పోదు. నన్ను అలా నలగ్గొట్టిన ప్రశ్న ఒక్కటే. పాలు తాగొచ్చా మేడం? పాల వల్లే క్యాన్సర్ వస్తుందట కదా? వచ్చినవాళ్ళు తాగితే ఇంకా పెరుగుతుందట కదా? ఫోన్లో ఎవరో డాక్టరు కోటు వేసుకుని చెప్పాడట. ఇంకో ఫోన్లో ఇంకో కోటాయన రోజూ రెండు గ్లాసులు తాగమన్నాడట. వాళ్ళిద్దరి తగువూ తీర్చడానికి నా గదికి వస్తారు.

నా దగ్గరున్న జవాబు ఎవరికీ నచ్చేది కాదు. పెద్దపేగు క్యాన్సర్ సంగతి తీసుకుంటే, పాలూ పెరుగూ వాడేవాళ్ళలో అది కాస్త తక్కువగా వస్తున్నట్టు పరిశోధనల్లో కనబడింది. పాలలో ఉన్న కాల్షియం కారణం కావచ్చంటారు. మగవాళ్ళకు వచ్చే ప్రోస్టేట్ క్యాన్సర్ దగ్గరికి వచ్చేసరికి కథ అడ్డం తిరుగుతుంది. పాలు బాగా ఎక్కువగా తాగేవాళ్ళలో అది కొంచెం ఎక్కువేమోనన్న అనుమానం ఉంది, కానీ గట్టిగా రుజువు కాలేదు. రొమ్ము క్యాన్సర్ విషయంలో భయపడాల్సినంత రుజువేమీ లేదు. పైగా ఇవన్నీ జబ్బు రాకముందు సంగతులు. వచ్చాక పాలు ఏం చేస్తాయన్నది ఇంకా తక్కువ తెలుసు. కాబట్టి పడేవాళ్ళు మామూలుగా తాగొచ్చు, పడనివాళ్ళు మానేయొచ్చు.

ఇదంతా శ్రద్ధగా విని, "అయితే తాగమంటారా, వద్దంటారా?" అని మళ్ళీ మొదటికి వస్తారు. వాళ్ళ తప్పు కాదు. ఒంట్లో అంత పెద్ద జబ్బు పెట్టుకుని వచ్చిన మనిషికి 'ఇంకా తేలలేదు' అనే మాట ఎందుకు? వాళ్ళు వెళ్ళాక నేను చిక్కటి పాలు పోసిన కాఫీ తెప్పించుకుని తాగుతాను. అది చూసిన నర్సమ్మలు నవ్వుకుంటారు.

కావేరమ్మ వచ్చింది అలాంటి రోజుల్లోనే. జువ్వలదిన్నె హార్బరుకు కాస్త ఇవతల ఒక పాళెం వాళ్ళది. సముద్రం మీద బతికేవాళ్ళ ఊరు. భర్త బ్రహ్మయ్య పడవ మీద వేటకు వెళ్తాడు. ఆయన తెచ్చిన చేపల్ని ఆమె కావలి తీసుకెళ్ళి బజారులో అమ్ముతుంది. యాభై దాటిన మనిషి, ఎత్తుగా, గట్టిగా ఉండేది. పెద్దపేగులో గడ్డ ఉంటే ఆపరేషన్ చేసి తీసేశారు. తర్వాత కీమో మొదలుపెట్టారు. మూడు వారాలకోసారి ఆసుపత్రికి వచ్చి సెలైన్ ఎక్కించుకోవాలి, మధ్యలో ఇంటి దగ్గర మాత్రలు మింగాలి. మొదటి కీమో రోజునే డాక్టరు గారు వాళ్ళని నా దగ్గరికి పంపారు.

నేను ముందుగా చేసేది డైట్ రీకాల్. నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏమేం తిన్నారో చెప్పించుకోవడం. అడిగింది ఆమెనైతే చెప్పింది ఆయన. బ్రహ్మయ్య ఎండకు నల్లబడిన బక్కపల్చని మనిషి, భార్య నోట్లోంచి మాట ఊడిపడకముందే అందుకుంటాడు. ఆమె ఏం తిన్నదీ, ఎంత వదిలేసిందీ, ఏ రాత్రి మగత పట్టిందీ అన్నీ ఆయనకే తెలుసు. నాకు ఇలాంటి భర్తలంటే ఇష్టమే. చాలామంది భర్తలకు భార్య ఏం తిన్నదో కాదు, తిన్నదా లేదా అన్నదే తెలియదు. ఉదయమూ రాత్రీ పాలు, మధ్యాహ్నం చేపలో గుడ్డో, నడుమ పల్లీ ఉండలు అని వాళ్ళ ఇంటికి కుదిరేట్టు చెప్పాను. ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ రెండుసార్లు తిరిగి చెప్పించుకున్నాడు.

లేచి వెళ్ళబోతూ కావేరమ్మ ఆగింది. నా వైపు కాకుండా బల్ల మీదున్న ప్లాస్టిక్ ఇడ్లీల వైపు చూస్తూ అడిగింది.

"పాలు తాగితే ఈ జబ్బు పెరుగుతాదంట గదమ్మా?"

అప్పటికి ఆ రోజు ఆ ప్రశ్న ఎన్నోసారో. పైన రాసిందంతా చెప్పాను. ఆమెది పెద్దపేగు జబ్బు కాబట్టి భయపడాల్సింది ఇంకా తక్కువని, పాలు ఆమెకు శత్రువు కాదని, మంచే చేయొచ్చని కూడా చెప్పాను. చెప్పింది ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. కావేరమ్మ "సరేమ్మా" అంది. బ్రహ్మయ్య మొహం మాత్రం వెలిగిపోయింది. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ భార్య కోసం తన చేతులతో చేయగలిగిన పని ఏదీ దొరకని మనిషి ఆయన. నేను ఆయనకొక పని చూపించాను.

తర్వాతి కీమోకి వచ్చినప్పుడు, కూర్చోకముందే ఫోన్ తీసి ఫోటో చూపించాడు. ఇసకలో గుంజకు కట్టేసిన గేదె. పైన తాటాకు పందిరి, చుట్టూ చిరిగిన పాత వలలతో దడి.

"కోవూరు కాడ కొన్యాం మేడం, దూడతో సహా," అన్నాడు. "ప్యాకెట్ పాలల్లో ఏం కలుపుతారో మనకేం తెలుసు? బర్రెలకి ఇంజెక్షన్లు పొడిచి పిండతారంట. ఇది మన కళ్ళ ముందర పిండేది."

కల్తీ సంగతి వేరు, క్యాన్సర్ సంగతి వేరు అని చెప్పబోయాను. వినే స్థితిలో లేడు. పాళెంలో ఎవరికీ పాలు పిండడం రాదట. మొదటి రోజు గేదె తన్నితే ఇసకలో వెల్లకిలా పడ్డాడట. కోవూరు నుంచి ఆ గేదె పాత యజమాని వచ్చి నేర్పించి పోయాడట. సముద్రపు ఒడ్డున పచ్చగడ్డి ఎక్కడిది, అక్కడి నుంచే ఆటోలో వరిగడ్డి తెప్పించుకుంటున్నాడు. రెండు పూటలా పిండాలి కాబట్టి పడవ మీద వేటకు పోవడం మానుకుని, ఒడ్డున నిలబడి లాగే వలకు కూలికి వెళ్తున్నాడు. ఇదంతా ఆయన గొప్పగా చెబుతుంటే కావేరమ్మ కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. సముద్రం మీద పుట్టిపెరిగినవాడు గేదె పొదుగు కింద కూర్చుని పాట్లు పడడం తలుచుకుని నాకు నవ్వొచ్చింది, కొంచెం ముచ్చటేసింది కూడా.

ఆమెను మిషను మీద నిలబెట్టాక ఆ రెండూ పోయాయి. బరువు తగ్గింది. పాలు సరిగ్గా తాగుతోందా అంటే, ఒక చుక్క మిగల్చడం లేదు, గ్లాసు నేనే చేతికిస్తాను అన్నాడు బ్రహ్మయ్య. చేపలు తింటున్నారా అంటే, మా ఇంట్లో చేపలకేం కొదవ మేడం, పొయ్యి మీద పులుసు లేని రోజుంటాదా అన్నాడు. నిజమే అయి ఉంటుందనుకున్నాను. చేపలు తింటున్నారా అని ఆ ఊరివాళ్ళని అడగడమే వెర్రితనం. ఆ రోజు ఆమె అరచేతులు ఎర్రబడి, పొరలు ఊడుతున్నాయి. ఆమె మింగే మాత్రలకు అలా కావడం మామూలే. దాన్ని హ్యాండ్ ఫుట్ సిండ్రోమ్ అంటారు, అరచేతులూ అరికాళ్ళూ మంటెత్తి తోలు లేస్తుంది. డాక్టరు గారు అది మందు వల్లేనని చెప్పి పూసుకోవడానికి క్రీము రాసిచ్చారు. ఇద్దరూ తల ఊపారు.

కీమో తీసుకునేవాళ్ళలో బరువు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. మందు జబ్బు మీద పోట్లాడుతుంది గానీ ఆ పోట్లాటకు చోటు మనిషి ఒళ్ళే. ఒంట్లో కండ కరిగిపోతుంటే మందు మోతాదు తగ్గించాలి, ఇంకా కరిగితే ఆపేయాలి. ఆపేస్తే మిగిలిపోయిన జబ్బు ఎక్కడైనా మళ్ళీ తల ఎత్తవచ్చు. మూడోసారికి ఆమె చెంపలు లోపలికి పోయాయి. జాకెట్టు చేతులు వదులై వేలాడుతున్నాయి. డాక్టరు గారు తనే నా గదికి వచ్చి, ఈసారి ఎక్కిస్తాను గానీ వచ్చేసారికి ఇంకా తగ్గితే ఆపేయక తప్పదు, ఏదో ఒకటి చూడండి అన్నారు. ప్రొటీన్ పొడులు అప్పటికే మార్చి మార్చి ఇచ్చాను. విరేచనాలు లేవు, వాంతులు లేవు, రిపోర్టుల్లో వేరే కారణం లేదు. పెట్టాల్సినవన్నీ ఆయన పెడుతున్నాడు, ఆమె చిక్కిపోతోంది. నాకు ఆమె మీద కాదు గానీ ఎవరి మీదో తెలియని విసుగు వచ్చింది.

ఆ రోజు సెలైన్ ఆలస్యంగా మొదలైంది. సాయంత్రం అవుతుంటే బ్రహ్మయ్య నిలవలేకపోయాడు. గేదె అరుస్తూ ఉంటుంది, దూడ తాడు తెంపుకుంటుంది, పిండేవాళ్ళు ఎవరూ లేరు. పొద్దున్నే వచ్చేస్తానని నర్సమ్మలకు పదిసార్లు చెప్పి బస్సుకు పరుగెత్తాడు. కావేరమ్మకు నీరసంగా ఉందని ఆ రాత్రికి వార్డులోనే ఉంచుతామని అప్పటికే అన్నారు. సెలైన్ అయ్యాక మరోసారి మాట్లాడి చూద్దామని ఆమెను నా గదికి తీసుకురమ్మన్నాను. మొదటిసారిగా ఆమె ఒక్కతే వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది.

ఏం అడగాలో నాకు తోచలేదు. అన్నీ అడిగేశాను. ఆమె బల్ల మీది ప్లాస్టిక్ చేపను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇదేం చేపమ్మా? ఇట్టాంటిది మా సముద్రంలో యాడా లేదే."

ఎక్కడో పెద్ద ఊరి నుంచి తెప్పించారు, దాని పేరు నాకూ తెలియదన్నాను. నవ్వింది. ఆమె నవ్వడం చూడడం నాకదే మొదలు. ఇట్లాంటి దాన్ని కావలి బజారులో పెడితే గిరాకీలు నా మొహాన కొడతారు అంది. ఆ తర్వాత చేపల కబుర్లు వాటంతట అవే వచ్చాయి. నెత్తళ్ళు ఎలా వేపితే కరకరలాడతాయో, మాగ చేప పులుసు ఆ పూట కన్నా మరునాడు ఎందుకు బాగుంటుందో, మామిడికాయ ఎప్పుడు వేయాలో చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమె బొటనవేలు ఆ ప్లాస్టిక్ చేప మొప్పల్ని నొక్కి చూస్తూనే ఉంది. నిన్న ఇంట్లో ఏం కూర అని మాటవరసకు అడిగాను. మాగ పులుసేనంది. తనే వండిందట. మీరు ఎన్ని ముక్కలు తిన్నారు అన్నాను.

"నేనెట్ట తింటానమ్మా?" అంది, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "పాలు తాగతా ఉండానే."

పెన్ను కింద పెట్టేశాను.

చేప తిన్న రోజు పాలు ముట్టకూడదని, ముడితే ఒంటి మీద మచ్చలు లేస్తాయని, బొల్లి వస్తుందని మా వైపు అందరికీ తెలిసిన మాటే. మా ఇంట్లోనూ చేపల పులుసు నాడు పెరుగు గిన్నె అటక ఎక్కేది. ఇంత చదివీ, ఇంతమందికి చెప్పీ, ఈనాటికీ నేను చేపలన్నంలో పెరుగు వేసుకోను. మామూలు ఇళ్ళల్లో దానితో వచ్చిన చిక్కేమీ లేదు, వారానికో రోజు చేప తింటారు, ఆ ఒక్క రోజు పెరుగు మానుకుంటారు. చేపే కూడు అయిన ఇంట్లో, పూటపూటా పాలు తాగమంటే ఏమవుతుంది? ఒకటి పోవాలి.

మొదటి వారం నేను చెప్పినట్టే మధ్యాహ్నం చేప తిని, రాత్రి పాలు తాగిందట. కొన్నాళ్ళకే అరచేతులు పొరలు లేచాయి. పాళెంలో చూసినవాళ్ళందరూ చేప మీద పాలు పోస్తే ఇంకేమవుతాది అన్నారు. డాక్టరు గారు మందు వల్లన్నారు కదా అంటే, మందు వల్ల కూడా అయ్యుండొచ్చమ్మా అంది మర్యాదగా. ఆ రోజు నుంచి ఆమె చేప ముట్టలేదు. ఇంట్లో అందరికీ వండి పెడుతోంది, ఆ వాసనకు నోరూరుతుంటే పక్కకు వెళ్ళి పాలు పోసుకున్న అన్నం నాలుగు ముద్దలు మింగుతోంది. చిక్కటి గేదె పాలకు కడుపు ఉబ్బరించి మరుసటి పూట గుడ్డు కాదు కదా, ఆ నాలుగు ముద్దలూ పోవు. పొయ్యి మీద పులుసు లేని రోజుంటాదా అని బ్రహ్మయ్య చెప్పింది నిజమే. ఆయన చెప్పింది ఇంటి సంగతి. ఈమె తినకపోవడం ఆయనకూ తెలుసు, పాలు తాగే మనిషి చేప తినకపోవడం ఆయన దృష్టిలో చెప్పాల్సిన విషయమే కాదు.

మరి పాలు మానేసి చేపే తినొచ్చు కదా అన్నాను. కావేరమ్మ ప్లాస్టిక్ చేపను జాగ్రత్తగా దాని చోట పెట్టింది.

"బర్రెని కొన్యాడు గదమ్మా," అంది. గొంతు తగ్గించింది. "ఆపరేషనప్పుడు పక్క బెడ్డామె ఫోన్లో చూపించింది. పాలు పోస్తే గడ్డలు పెరుగుతాయని. గ్లాసు నోటికాడ పెట్టుకున్నప్పుడల్లా, ఆ గడ్డకే పోస్తా ఉండానేమో అనిపిస్తాది. తాగేదాకా ఎదురుగా నిలబడుంటాడు. మొదటి రోజే నిన్నడిగితిని. పాలు మంచియ్యే అంటివి."

  మొదటి రోజు ప్లాస్టిక్ ఇడ్లీల వైపు చూస్తూ ఆమె అడిగింది నాకు అర్థమైంది. ఆమెకు పాల మీద ఏ పరిశోధన ఏం చెప్పిందో అక్కర్లేదు. వద్దని నా నోటితో ఒక్క మాట అనిపించుకోవాలని అడిగింది, తను ఆయనతో అనలేకపోతోంది కాబట్టి. నేను అంతా నిజమే చెప్పి ఆ తలుపు మూసేశాను. ఆ తర్వాత ఆమె రోజుకు రెండుసార్లు, తనకు చెరుపు చేస్తుందనుకున్న దాన్ని, ఇచ్చేవాడి మొహం చూసి తాగింది.

"నువ్వు చెప్పమ్మా," అంది. "పాల వల్లే జబ్బు పెరుగుతాదని చెప్పు. నువ్వు చెప్తే ఇంటాడు."

చెప్పడం ఎంత తేలిక. రోజూ ఎంతోమందికి వాళ్ళ ఫోన్లు చెబుతున్న మాటే అది, నేనొకసారి చెబితే కొంప మునిగేదేమీ లేదు. పాలు మానేస్తుంది, చేప తింటుంది, బరువు నిలుస్తుంది. కానీ ఆ మాట బ్రహ్మయ్య చెవిన పడ్డాక ఏమవుతుందో కూడా తెలుస్తూనే ఉంది. ఆమెతో అదే అన్నాను. "అలా చెబితే ఇన్నాళ్ళూ తన చేత్తో తనే మీకు విషం పోశాననుకుంటాడు అక్కా. రేపు మీకు ఏదైనా ఎక్కువైతే, ఆ బర్రె వల్లేననుకుని బతికినన్నాళ్ళూ కుళ్ళిపోతాడు. అది నిజం కూడా కాదు."

 నీకేది తోస్తే అది చెయ్యమ్మా అని ఆమె లేచి వార్డుకు వెళ్ళిపోయింది. బేరాలాడడంలో ఆరితేరిన మనిషి నా దగ్గర బేరం వదిలేసి వెళ్ళిందనిపించింది.

మర్నాడు నేను వచ్చేసరికే బ్రహ్మయ్య నా గది ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో మూత బిగించిన స్టీలు క్యాను. పొద్దున్నే పిండి, కాచి, మొదటి బస్సుకు తెచ్చాడు. ఇంకా వెచ్చగానే ఉన్నాయి మేడం అన్నాడు. కావేరమ్మను కూడా పిలిపించి ఇద్దర్నీ కూర్చోబెట్టాను. రాత్రంతా ఏం చెప్పాలా అని ఆలోచించాను గానీ ఆ క్యానును చూశాక అంతా మర్చిపోయాను. డాక్టరు గారు అన్న మాట ముందు చెప్పాను, ఇంకా బరువు తగ్గితే కీమో ఆపేస్తారని. ఆయన రంగు మారింది. ఆ తర్వాత అసలు సంగతి చెప్పాను. పాలు చెడ్డవి కావు, మీరు చేసింది తప్పు కాదు, ఇన్నాళ్ళూ తాగినందుకు ఆమెకు ఏ చెరుపూ జరగలేదు. కానీ ఆమెకు పాలు సయించడం లేదు, ఆమె ఒంటికి తెలిసిన కూడు చేప. పాలలో ఆమెకు కావాల్సిన బలం చేపలోనూ ఉంది. రెండూ కలపొద్దనుకుంటే కలపొద్దు, చేప ఒక్కటీ చాలు.

బ్రహ్మయ్య నన్ను వదిలేసి భార్య వైపు తిరిగాడు.

"నాతో ఒక మాట చెప్పకూడదా?"

"బర్రెని తోలకొచ్చిన రోజు నీ మొకం నువ్వు చూసుకోలేదు," అంది కావేరమ్మ. "చూసుకునుంటే నువ్వు మాత్రం చెప్పగలవా?"

ఆయన ఒళ్ళో ఉన్న క్యాను మూత మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.  కాసేపటికి లేచి, ఈ పాలు మీ నర్సమ్మలకి కాఫీకి పనికొస్తాయా మేడం అని అడిగాడు. పనికొస్తాయన్నాను. ఆ రోజు మా అందరి కాఫీ చాలా చిక్కగా ఉంది. 

తర్వాతిసారి బరువు పెరగలేదు గానీ తగ్గలేదు. మా పనిలో అదే పండగ. ఆ పైసారికి కొంచెం పెరిగింది. అరచేతులు అలాగే పొరలు ఊడుతున్నాయి. పాలు మానేసినా ఊడుతున్నాయంటే అది మందు పనేనన్నమాట అని కావేరమ్మ తనంతట తనే ఒప్పుకుంది, డాక్టరు గారు గెలిచినందుకు కొంచెం నొచ్చుకుంటూ. కీమో ఆపకుండా పూర్తయింది. తర్వాత చేసిన స్కాన్‌లో జబ్బు జాడ కనబడలేదు. అది చేప వల్లని నేను అనను. మందు తన పని తాను చేసుకోవడానికి ఆమె ఒళ్ళు తట్టుకుంది, అంతవరకే నాకు తెలిసింది.

ఈ కేసు తర్వాత నా జవాబేమీ మారలేదు. పాల మీద తేలనిది ఇంకా తేలనేలేదు, నేను చెప్పేది అదే. కాకపోతే తినేవాడి వెనక పెట్టేవాళ్ళుంటారని నాకు పుస్తకాల్లో ఎవరూ చెప్పలేదు. జబ్బు మనిషి నోటికి వెళ్ళే ప్రతి గ్లాసూ ఎవరో ఒకరి ఆశ. వద్దంటే ఆ ఆశను తోసేసినట్టవుతుందని భయపడి, కడుపు ఉబ్బరిస్తున్నా, అనుమానం తొలుస్తున్నా మింగేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు వచ్చి పాలు మంచివేనా అని నన్ను అడుగుతారు. అందరూ అని కాదు. కానీ ఎవరు జవాబు కోసం అడుగుతున్నారో, ఎవరు విడుదల కోసం అడుగుతున్నారో మొహం చూస్తే తప్ప తెలియదు. అందరి మొహాలూ చూసే ఓపిక నాకు అన్ని రోజులూ ఉండదు.

ఏడాది తర్వాత ఇద్దరూ చెకప్‌కి వచ్చారు. కావేరమ్మ మళ్ళీ కావలి బజారుకు వెళ్తోంది, వారంలో రెండు మూడు రోజులు. చెంపలు నిండాయి, గొంతు మళ్ళీ బజారు గొంతయింది. ఆమెను రక్తపరీక్షకు పిలిస్తే వెళ్ళింది. బ్రహ్మయ్య నా గదిలో ఉండిపోయాడు. గేదె ఎలా ఉందన్నాను. మళ్ళీ ఈనింది మేడం, బాగా ఇస్తోంది అన్నాడు. పసిపిల్లలున్న ఇళ్ళకు కొంచెం పోస్తాడట. ఆమె కోసమని తెచ్చిన బర్రె, అమ్మబుద్ధి కాలేదు, పాలు పారబోయబుద్ధీ కాలేదు, మిగిలినవి నేనే తాగేస్తా ఉండా అన్నాడు. అప్పుడు చూశాను ఆయన్ని సరిగ్గా. ముందే బక్కమనిషి, ఇంకా చిక్కి ఉన్నాడు.

బల్ల మీద ప్లాస్టిక్ గుడ్డును వేలితో దొర్లిస్తూ, నా వైపు చూడకుండా అడిగాడు.

"ఈ వయసులో మొగోళ్ళకి పాలు మంచియ్యి కాదంట గదా మేడం?"

ప్రోస్టేట్ గురించి, ఎక్కువగా తాగితే ఉన్న అనుమానం గురించి, ఇంకా తేలకపోవడం గురించి చెప్పాల్సిందంతా నోటిదాకా వచ్చింది. ఆ వేలి వైపు చూశాను. వచ్చినదాన్ని వచ్చినట్టే మింగేశాను.

"మీకు తాగాలనుందా అన్నా?" అన్నాను.

ఆయన తలుపు వైపు చూసి, కావేరమ్మ ఇంకా రాలేదని తేల్చుకున్నాడు.

"చేప తిని చాన్నాళ్ళయిందమ్మా," అన్నాడు.